గొళ్ళెం పాటతో కావలి దాకా

నేను సినిమాలకు ఉపశీర్షికలు రాస్తాను. తెర మీద ఇంగ్లీషు మాట ఎంతసేపు ఉంటుందో అంతసేపట్లో చదువుకోగలిగిన తెలుగు రాయడం నా పని. విజయనగరంలో మా ఇంట్లో కూర్చుని చేసుకునే పని కాబట్టి, ఇంతవరకు నేను చేసిన ప్రయాణాలన్నీ పెళ్ళిళ్ళకూ పరామర్శలకూ చేసినవే. అలాంటిది మొన్న ఫిబ్రవరిలో నలుగురు ఇంగ్లండు పిల్లలకు దుబాసీగా, ఒక వ్యాను నిండా వాయిద్యాలతో, చెన్నై నుంచి కావలి దాకా నెల్లూరు తీరం వెంబడి వెళ్ళి వచ్చాను. తిరిగొచ్చిన దగ్గర్నుంచి ఎలా జరిగిందని అందరూ అడుగుతున్నారు. చేపల పులుసు బాగుందని చెప్పి తప్పించుకుంటున్నాను. అసలు జరిగింది ఇది.

తడ దగ్గర టిఫిను

వాళ్ళ బృందం పేరు వెట్ మ్యాచ్‌బాక్స్. తడిసిన అగ్గిపెట్టె అన్నమాట. ఇంగ్లండులో చిన్న చిన్న హాళ్ళలో పాడుతూ, ఈ మధ్యే పెద్ద వేదికల దాకా వచ్చారు. వాళ్ళ సంగీతాన్ని ఎమో అనీ, పాప్ పంక్ అనీ అంటారట. నేను విన్నంతలో, గుండెలో దాచుకోవాల్సిన మాటలన్నీ గొంతు చించుకుని చెప్పడం, వెనక డ్రమ్ములు ఎవరో తరుముతున్నట్టు పరుగెత్తడం. ఏడుపు పాటే, కానీ గెంతుతూ పాడతారు.

పాటలు రాసి పాడేది రెహాన్. ఇరవై నాలుగేళ్ళుంటాయి. కళ్ళకు కాటుక, గోళ్ళకు నల్లరంగు. డ్రమ్ములు వాయించే అమ్మాయి జెస్. గిటార్ల వాళ్ళిద్దరూ దారిపొడవునా నిద్రపోయారు కనుక వాళ్ళ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. వ్యాను నడిపింది నెల్లూరు మనిషి సుబ్రహ్మణ్యం. నలుగురి నల్లబట్టలూ అద్దంలో చూసి చూసి, తడ దగ్గర టిఫినుకు దిగినప్పుడు నన్ను పక్కకు పిలిచాడు.

"అక్కా, వీళ్ళింట్లో ఎవురన్నా పోయినారా?"

లేదని, అది వాళ్ళ పాటలకు తగ్గ వేషమని చెప్పాను. నమ్మలేదు. ఇడ్లీ ప్లేట్లు వాళ్ళ ముందు పెట్టేటప్పుడు కూడా పరామర్శకు వచ్చినవాడిలాగే పెట్టాడు.

పులికాట్ సరస్సు మీద కొంగల గుంపు తెల్లగా పరుచుకుని ఉంది. మిగతా ముగ్గురూ ఫోటోలు తీసుకుంటుంటే రెహాన్ నా పక్కన వచ్చి నిలబడ్డాడు.

"కావలిలో మా అమ్మ పుట్టింటి వాళ్ళ దగ్గర నేను ఏం చెబితే అదే చెప్పండి. మెత్తబెట్టకండి. వాళ్ళన్నది కూడా అంతే," అన్నాడు.

సరేనన్నాను. ఆ సరే ఎంత బరువైందో అప్పటికి నాకు తెలియదు.

నెల్లూరు, కారం దోశ

రెహాన్ తల్లి రజియాది కావలి. ఇంట్లో తెలుగే మాట్లాడుకునే ముస్లిం కుటుంబం, దూదేకి పరుపులు కుట్టే కొట్టు. నర్సు చదివి ఇంగ్లండు వెళ్ళింది. అక్కడే, పుట్టింటివాళ్ళు వద్దంటున్నా, ఒక ఇంగ్లీషతన్ని పెళ్ళి చేసుకుంది. రెహాన్‌కు రెండేళ్ళు నిండకముందే అతను చనిపోయాడు. బిడ్డను చంకనేసుకుని, వానలో, సాయంత్రంపూట ఆమె కావలిలో పుట్టింటి తలుపు తట్టింది. తలుపు తెరుచుకోలేదు సరికదా, లోపల్నుంచి గొళ్ళెం పెట్టిన చప్పుడైంది. అంతే, వచ్చిన దారినే వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు, ఫోను చేయలేదు. కొడుక్కి తెలుగూ నేర్పలేదు.

ఆ సాయంత్రం మీదే రెహాన్ పాట రాశాడు. పాట పేరు కావలి. ఇంగ్లీషు అక్షరాల్లో చూసి హైదరాబాదు పిల్లలు 'కావాలి' అని చదువుకుని ప్రేమపాట అనుకున్నారట. ఇండియాలో వాళ్ళకు పేరొచ్చింది ఆ పాటతోనే. దాన్ని విన్న ఒకమ్మాయి, కావలిలో ఇంజనీరింగు రెండో సంవత్సరం చదువుతున్న నస్రీన్, అతను ఏదో ముఖాముఖిలో తల్లి పేరు చెప్పడం చూసి గుర్తుపట్టింది. ఆమె రజియా తమ్ముడు దస్తగిరి కూతురు. తనే రెహాన్‌కు రాసింది, తనే కాలేజీ వాళ్ళకు చెప్పి వాళ్ళ వార్షికోత్సవానికి ఈ బృందాన్ని పిలిపించింది. తాత పోయి చాలా ఏళ్ళయిందట. రెహాన్ అమ్మమ్మ హుసేనమ్మ ఉంది. పాట సంగతి ఇంట్లో ఇంకా ఎవరికీ చెప్పలేదని నస్రీన్ నాతో ఫోన్లో అంది. ఆ గొంతులో భయం తెలుస్తూనే ఉంది.

నెల్లూరులో రాత్రి భోజనానికి కారం దోశలు తెప్పించాను. మా వైపు కారం పక్కన పెడతారు, ఇక్కడ దోశ ఒళ్ళంతా ఎర్రగా పూసి మీద నెయ్యి పోస్తారు. యాభై రూపాయలకు అంత నెయ్యి మా ఊళ్ళో ఎవరూ పోయరు. జెస్ రెండు తిని, కళ్ళు తుడుచుకుంటూ మూడోది అడిగింది. రెహాన్ తన దోశను ముక్కలు చేశాడు గానీ తినలేదు.

ముత్తుకూరు ఇసుక

మర్నాడు వీడియో కోసం సముద్రం కావాలన్నారు. ముత్తుకూరు దాటాక కరెంటు కర్మాగారాల పొగగొట్టాలు ఒక పక్క, బొగ్గు లారీలు ఒక పక్క. వాటి మధ్య దారి చేసుకుని సుబ్రహ్మణ్యం మమ్మల్ని ఒడ్డుకు చేర్చాడు. గిటార్ల వాళ్ళు నీళ్ళ దాకా పోనిమ్మన్నారు. అతను వద్దంటున్నా వినలేదు. పదడుగులు పోయామో లేదో వెనక చక్రాలు ఇసుకలో దిగబడిపోయాయి.

"చెప్తే విన్నారా? ఇప్పుడు పోటెక్కిందంటే బండి సముద్రంలో ఉంటాది," అన్నాడు సుబ్రహ్మణ్యం, తలుపు దగ్గరే కూలబడి.

సరిగ్గా అప్పుడు నా ఫోను మోగింది. దస్తగిరి. మేం వస్తున్నామని ముందురోజే అతనికి చెప్పి ఉన్నాను. అప్పుడు గొంతులో ఆదరం ఉంది. ఇప్పుడు లేదు.

"మేడమ్, ఆ పాట సంగతి మాకు ఇప్పుడే తెలిసింది. మార్కెట్లో పిల్లోళ్ళు ఫోన్లో పెట్టి చూపించినారు. మా నాయన్ని ముసలోడా అని తిట్టినాడంట గదా?"

నేను ఏదో చెప్పబోయాను.

"పోయిన మనిషిని ఊరంతా వినేటట్టు తిడితే, మేము ఆ ఊళ్ళో తలెత్తుకోని తిరగద్దా? ఇంటికి రమ్మనండి, అన్నం పెడతాం. ఆ పాట మాత్రం మా ఊళ్ళో పాడేదానికి లేదు. పాడేటట్టయితే రావద్దని చెప్పండి. కాలేజీకి నేనే వచ్చి కరెంటు పీకేస్తా."

ఉన్నదున్నట్టు రెహాన్‌కు చెప్పాను. అతను ఇసుకలో నిలబడి విన్నాడు. కెరటం వచ్చి బూట్లు తడిపినా కదల్లేదు.

"ఆ పాట పాడకపోతే నేను ఇక్కడికి రావడం ఎందుకు?" అన్నాడు.

"చూడ్డానికి," అంది జెస్. "వాళ్ళను చూడ్డానికి రావచ్చు కదా. ఒక్క రోజు ఆ పాట లేకపోతే చచ్చిపోం."

"నీ తలుపు కాదు కాబట్టి అంటావు."

జెస్ చేతిలోని డ్రమ్ము పుల్లలు వ్యానులోకి విసిరికొట్టింది. ప్రతి ఊళ్ళో, ప్రతి రాత్రీ, నువ్వు ఏడవడానికి తాళం వేసేది నేనే, ఆ తలుపు నా చేతులకు కూడా తెలుసు అంది. అతను ఒడ్డు వెంబడి నడుచుకుంటూ పోయాడు. ఎంతదాకా పోయాడంటే నల్ల చొక్కా ఒక చుక్కలా మిగిలింది.

పోటు మొదలైంది. నురగ వ్యాను ముందు చక్రాల్ని తాకసాగింది. వలలు ఎండబెట్టుకుంటున్న జాలర్లు మా అవస్థ చూసి వచ్చారు. పడవను లాగే మోకు తెచ్చి వెనకభాగానికి కట్టి, చక్రాల కింద తాటిమట్టలు తోసి, ఒకే గొంతుతో కూత పెడుతూ లాగారు. నేనూ లాగాను. జెస్ అరచేతులు ఒరుసుకుపోయాయి. చివరికి బండి గట్టునపడింది. వాళ్ళలో పెద్దామె ఒకామె మమ్మల్ని పాకకు తీసుకుపోయి ముందురోజు వండిన చేపల పులుసు పెట్టింది. మా వైపు చింతపండుతో సరిపెడతాం. వీళ్ళు పచ్చి మామిడికాయ ముక్కలు వేసి, ఒక రాత్రి నిలవుంచి తింటారు. ఆ పులుసు తిన్నాక మా ఇంటి పులుసు మీద గౌరవం తగ్గింది.

రెహాన్ తిరిగొచ్చేసరికి ఎండ వాలింది. ఒకే మాట అన్నాడు. "రేపు వెళ్దాం. పాడతానో లేదో అక్కడికెళ్ళాక చెబుతాను."

కొడవలూరు

మర్నాడు పొద్దున పెన్న దాటి, కొడవలూరు దగ్గర టీకి ఆగాం. రోడ్డుకు రెండు పక్కలా వరి పొట్టలు విప్పి, కంకులు బరువెక్కి ఉన్నాయి. మాది మెట్ట, ఇంత పచ్చదనం ఒకేచోట చూస్తే మాకు కాస్త ఈర్ష్యగానే ఉంటుంది. బెంచీ మీద ఒక రైతు, అతని భార్య కూర్చుని ఉన్నారు. వాళ్ళ కళ్ళన్నీ రెహాన్ గోళ్ళ మీదే.

"ఏం చేస్తాడంట ఈ అబ్బయ్య?" అని అడిగింది ఆమె.

పాటలు పాడతాడని చెప్పాను.

"ఒకటి పాడమను."

నేను చెప్పాను. అతను కాదంటాడనుకున్నాను. టీ గ్లాసు పక్కన పెట్టి, వాయిద్యమేదీ లేకుండా, నేల చూస్తూ ఆ పాటే పాడాడు. అరవకుండా పాడితే అది మరో పాటలా ఉంది. ఆమె చివరిదాకా విని, కొంగుతో నోరు తుడుచుకుంది.

"గొంతు బాగుండాది. ఎవుర్నో తిడతా ఉండాడే, ఎవుర్ని?" అంది.

ఇంగ్లీషు ముక్క రాని మనిషికి అది అర్థమైపోయింది. అమ్మమ్మకు చెప్పకుండా దాటేయగలమేమోనన్న నా ఆశ అక్కడితో పోయింది.

పరుపుల కొట్టు

కావలి బజారులో ఆ కొట్టు కనుక్కోవడం కష్టం కాలేదు. ఎర్రగుడ్డ పరుపులు చుట్టలు చుట్టి బయట నిలబెట్టి ఉన్నాయి. లోపల దూదేకే మిషను ఆగి ఉంది గానీ గాలిలో నూగు ఇంకా తేలుతోంది. కొట్టు వెనకే ఇల్లు.

దస్తగిరి సలాం చెప్పి మమ్మల్ని లోపలికి రమ్మని, షట్టరు సగం దించాడు. మాటలు బజారున పడకుండా. నస్రీన్ టీలు తెచ్చిపెట్టి గోడకు ఆనుకుని నిలబడింది. హుసేనమ్మ మంచం మీద కూర్చుని ఉంది. తెల్లచీర, చెవులకు చిన్న కమ్మలు, చేతులు బోసిగా ఉన్నాయి. రెహాన్‌ను చూసింది. దగ్గరికి పిలవలేదు, చెయ్యి చాపలేదు. అతనూ గడప దాటి రెండడుగులు వేసి ఆగిపోయాడు.

"రజియా ముక్కే," అంది ఆమె, ఎవరితోనో చెప్పినట్టు. "నీళ్ళన్నా తాగమనండి."

"ముందు పాట సంగతి తేలాల," అన్నాడు దస్తగిరి. "మేడమ్, అడగండి. పాడతాడా, పాడడా?"

"ఏం పాటరా అది? నిన్నట్నుంచి మీలో మీరే గుసగుసలాడుకుంటా ఉండారు. నాకు చెప్పేవాళ్ళు లేరు."

"నువ్వు వినే పాట గాదులేమ్మా."

ఆమె నా వైపు తిరిగింది. "నువ్వు చెప్పు మే. నీకు రెండు భాషలూ వచ్చంట గదా."

దస్తగిరి వద్దన్నట్టు తల ఊపాడు. రెహాన్ చెప్పండి అన్నట్టు చూశాడు. ఇన్నేళ్ళుగా తెర మీద ఎన్ని తిట్లను మర్యాదగా మార్చానో లెక్కలేదు. ఆ గదిలో తిట్టు తిన్న మనిషి భార్యే ఎదురుగా కూర్చుని ఉంది. అయినా చెప్పాను.

"ముసలోడా, నా ఏడుపు నీకు వినపడింది. వినపడీ గొళ్ళెం పెట్టావు. వాన నన్ను ఎత్తుకుంది, నువ్వు ఎత్తుకోలేదు. నీ ఊరి పేరు నా నోట్లో రాయిలా ఉంది."

బయట ఎవరో పరుపు ధర అడిగి, జవాబు లేక వెళ్ళిపోయారు.

"గొళ్ళెం మాట మళ్ళీ చెప్పు," అంది హుసేనమ్మ.

చెప్పాను.

"ఏడుపు వినపడిన మాట నిజం," అంది ఆమె. "గొళ్ళెం పెట్టింది ఆయన గాదు. నేను."

దస్తగిరి మంచం దగ్గరికి ఒక్క అంగలో వచ్చాడు. "అమ్మా, ఏంది నువ్వు చెప్పేది? నాయన తియ్యనీలేదని..."

"చూసిన ఊరోళ్ళు అట్ల అనుకున్నారు. ఆయన పోయినాక నీతో అన్నారు. నేను కాదనలేదు. ఆ పొద్దు నువ్వు దూది కోసం పోయినావు, ఇంట్లో లేవు." ఆమె గొంతు పెరగలేదు, తగ్గలేదు. "మీ నాయన్ని గుండెనొప్పికి ఆసుపత్రిలో పెట్టి అప్పుడే ఇంటికి తెచ్చుకున్నాం. నిద్రపోతా ఉండాడు. రజియా గొంతు వింటే లేస్తాడు, అరుస్తాడు, ప్రాణం పోతాదేమోనని భయపడినాను. కాసేపాగి తీద్దాంలే అనుకోని గొళ్ళెం పెట్టినా. పిల్లోడు ఏడస్తానే ఉన్నాడు. తీసేతలికి ఎవురూ లేరు. వీధి చివరిదాకా పోయి చూసినా. కూతురొచ్చి పోయిందని ఆయనకి చెప్పనే లేదు. కొన్నాళ్ళకి, ఆయనకి తెలీకుండానే పోయినాడు."

నేను ఒక్కొక్క వాక్యమే రెహాన్‌కు చెబుతూ వచ్చాను. అతను గోడకు ఆనుకుని, మెల్లగా కిందికి జారి కూర్చున్నాడు.

"తాతే పెట్టాడని అమ్మ చెప్పింది," అన్నాడు.

"దానికెట్ల తెలస్తాది, తలుపు అవతల ఉండె," అంది ఆమె, నేను చెప్పగానే. "మార్చి పాడమను. ఆయన్ని తీసేసి నన్ను పెట్టమను. ముసలోడా కాదు, ముసల్దానా అని. సాయంత్రం నేను కూడా వచ్చి వింటా."

దస్తగిరి ముఖం చేతుల్లో దాచుకుని పరుపుల మీద కూర్చున్నాడు. ఇన్నేళ్ళూ తండ్రి మీద ఎంత కోపాన్ని లోపల దాచి, పైకి ఎంత గౌరవాన్ని మోశాడో నాకు అప్పుడు అర్థమైంది. మేం లేచి బయటికి వస్తుంటే అతనే షట్టరు పైకెత్తాడు. కరెంటు పీకే మాట మళ్ళీ ఎత్తలేదు.

కాలేజీ మైదానం

సాయంత్రం ఎండ ఉండగానే మైదానం నిండిపోయింది. వేదిక పక్కన నస్రీన్ ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసి హుసేనమ్మను కూర్చోబెట్టింది. దస్తగిరి చేతులు కట్టుకుని వెనక నిలబడ్డాడు. మొదటి పాటకే ఆ మోత భరించలేక హుసేనమ్మ కొంగుముడిలోంచి దూది తీసి చెవుల్లో పెట్టుకుంది. పిల్లలు గెంతుతున్నారు. ఏం పాడబోతున్నాడో వ్యానులో ఎవరికీ చెప్పలేదు, జెస్‌కు కూడా.

జెస్ ఆ పాట మొదలు వాయించగానే మైదానమంతా ఒక్కసారి ఊగింది. హుసేనమ్మ ఎలా కనిపెట్టిందో గాని, దూది తీసేసింది. రెహాన్ కళ్ళు మూసుకుని పాడుతున్నాడు. ఆ మాట దగ్గరికి వచ్చాడు. నోరు తెరిచాడు. మాట రాలేదు. మైకు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. అతను తమకు వదిలాడనుకుని పిల్లలంతా ఒక్క గొంతుతో ఆ చరణం అందుకున్నారు. ముసలోడా అన్న ఆ ఇంగ్లీషు మాట మైదానం నాలుగు మూలలా మోగింది.

"పిల్లోళ్ళు ఏమంటా ఉండారు?" అని హుసేనమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"తాతనే అంటున్నారు," అన్నాను.

ఆమె చెయ్యి వదల్లేదు. పాట అయ్యేదాకా ఆ వేళ్ళు నా మణికట్టు మీద బిగుసుకునే ఉన్నాయి. పాట జనంలోకి పోయాక రాసినవాడు కూడా మార్చలేడని నాకు ఆ పట్టులోనే తెలిసింది. ఈమధ్య జెస్ రాసింది, ఇప్పటికీ ఆ మాట దగ్గర రెహాన్ పాడడట, జనమే పాడతారట.

వేదిక వెనక్కి వచ్చేసరికి ఇంకా పూర్తిగా చీకటి పడలేదు. రెహాన్ చెమటతో తడిసి, కాటుక చెంపల మీదికి కారి ఉన్నాడు. "మార్చలేకపోయానని చెప్పండి," అన్నాడు నాతో. నేను చెప్పేలోపే హుసేనమ్మ అంది, "రజియాకు ఫోన్ చెయ్యమను. నా నోటితో నేనే చెప్తా."

అతను తటపటాయించి చేశాడు. ఆమెకు వినపడాలని స్పీకర్లో పెట్టాడు. ఇంగ్లండులో అప్పుడు మధ్యాహ్నం. రజియా ఇంగ్లీషులో ఏదో అడుగుతుండగానే ముసలామె ఫోను దగ్గరికి వంగింది.

"రజియా. నేను. మీ అమ్మని."

ఫోను పెట్టేసిందేమోనని నస్రీన్ తొంగిచూసింది.

"ఆ పొద్దు గొళ్ళెం పెట్టింది మీ నాయన గాదు. నేను," అంది హుసేనమ్మ.

"తెలుసమ్మా," అంది రజియా. ఇన్నేళ్ళ ఇంగ్లండు తర్వాత కూడా అది కావలి తెలుగే. "గొళ్ళెం పెట్టేటప్పుడు నీ గాజుల చప్పుడు వినపడింది."

హుసేనమ్మ బోసిచేతుల్ని ఒడిలోకి లాక్కుంది. "మరి పిల్లోడికి తాత అని ఎందుకు చెప్పినావే?"

"వాడు అడిగేటప్పటికి నాయన పోయినాడని ఎవురో చెప్పినారు. నువ్వు బతికుండావు. వాడు ఎప్పుడన్నా వస్తే నీ దగ్గరికే గదా రావాల."

"ఏమంది?" అని రెహాన్ నా భుజం పట్టుకుని కుదిపాడు. "ఏమంటోంది మా అమ్మ?"

నేను చెప్పాను. గాజుల సంగతి చెప్పాను, తాత సంగతి చెప్పాను, అమ్మమ్మయినా నీకు మిగలాలని మీ అమ్మ అబద్ధం చెప్పిందని నా మాటగా ఒకటి కలపబోయి, కలపకుండా ఆపుకున్నాను. ఆమె అన్నది అన్నట్టుగానే చెప్పాను.

అతను ఫోను అందుకున్నాడు. "ఆ పాటను ఇప్పుడు నేనేం చేయాలి?" అని అడిగాడు. అరవలేదు, చిన్నపిల్లవాడిలా అడిగాడు. రజియా అతనికి ఇంగ్లీషులోనే జవాబిచ్చింది.

హుసేనమ్మ నా వైపు చూసింది. "ఏమంటా ఉంది నా కూతురు?"

"పాట సంగతి తర్వాత చూద్దువుగాని, ముందు ఇంటికెళ్ళి అన్నం తిను అంటోంది," అన్నాను.

ఆమె కుర్చీ చేతులు పట్టుకుని లేచి నిలబడింది.

"దస్తగిరీ," అంది, "ఆటో పిలువు."